పాత బోటుకు కొత్త కార్పెట్: 20 ఔన్సుల మెరైన్ కార్పెట్ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. మీ దగ్గర పాత అల్యూమినియం ఫిషింగ్ బోటు ఉండి, డెక్ (కాలు పెట్టే చెక్క నేల) ఊడదీసి కొత్తగా వేసుకోవాలనుకుంటే 20 ఔన్సుల మెరైన్ కార్పెట్, అంటే బోట్ల కోసమే చేసే కార్పెట్, కొనుక్కోండి. 16 ఔన్సులది వద్దు. అయిదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో కూడా చెప్తాను.

1978లో, చేపలవేట సామాన్లు అమ్మే బాస్ ప్రో షాప్స్ స్థాపించిన జానీ మోరిస్ ‘బాస్ ట్రాకర్’ పేరుతో బోటు, మోటారు, ట్రైలర్ మూడూ కలిపి ఒకే ధరకు అమ్మడం మొదలుపెట్టారు. అప్పటినుంచి వచ్చిన ఆ తరహా బోట్లు ఇక్కడ టెక్సాస్‌లో ఎంతోమంది పెరళ్ళలో టార్పాలిన్ కింద పడి ఉంటాయి. మాదీ అలాంటిదే. డెంటన్ వైపు ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. వెనక ట్రాన్సమ్ (మోటారు బిగించే వెనక గోడ) మీద కుడివైపు ఉండే 12 అక్షరాల నంబర్ చివర 89 అని ఉంది, అంటే 1989 మోడల్. బాడీకి ఒక్క చిల్లు లేదు. డెక్ మాత్రం ఘోరం. మధ్యలో ఎవరో ఇళ్ళలో వేసే కార్పెట్ తెచ్చి అతికించారు. అది ఎప్పుడూ తడిగానే ఉండి, కింద ప్లైవుడ్‌ని కుళ్ళబెట్టేసింది. స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే చెక్క నానిన అటుకుల్లా చేతికొచ్చింది.

అందుకే మెరైన్ కార్పెట్ గురించి అంత ఇదిగా చెప్తున్నాను. దీని పోగు పాలీప్రొపిలీన్. నీళ్ళు పీల్చదు, కుళ్ళదు, ఎండకు తట్టుకునేలా తయారుచేస్తారు. 20 ఔన్సులు అన్నది చదరపు గజానికి పోగు బరువు, మన లెక్కలో దాదాపు 570 గ్రాములు. షాపులో 16 ఔన్సుల శాంపిల్‌ని వేళ్ళతో విడదీసి చూస్తే అడుగున రబ్బరు కనిపించింది. 20లో కనిపించలేదు. 24 ఔన్సులది ఇంకా దట్టంగా ఉంది కానీ హ్యాచ్ మూతల (డెక్‌లో సామాన్లు పెట్టుకునే అరల మూతల) అంచుల దగ్గర మడత తిరగడం కష్టం. ఇంకోటి, పోగు పైన కత్తిరించి ఉన్న రకమే తీసుకోండి. పోగు మెలికలా తిరిగి ఉండే లూప్ రకంలో గాలం ఇరుక్కుంటే పోగు బారుగా లాక్కొస్తుంది. ఫిషింగ్ బోటులో గాలం కార్పెట్‌కి గుచ్చుకోని రోజు ఉండదు కదా!

రంగు దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా ఆవిడ నేవీ బ్లూ అంది. టెక్సాస్ ఎండలో ముదురు రంగు మీద పిల్లలు ఒట్టి కాళ్ళతో నిలబడలేరని లేత బూడిద రంగు తీసుకున్నాం. జూలై మధ్యాహ్నం కూడా పిల్లలు చెప్పులు విప్పేసి తిరుగుతున్నారు, చాలా సంతోషంగా ఉంది.

బోటు సామాన్లు అమ్మే ఒక ఆన్‌లైన్ షాపులో ఆర్డర్ చేస్తే, రోల్ చుట్టి పంపాల్సింది పోయి మడతపెట్టి డబ్బాలో కుక్కి పంపారు. మడతలు ఎండలో పరిచి బరువులు పెడితే గానీ పోలేదు. మీరు ఆర్డర్ చేసేటప్పుడు రోల్‌గానే పంపమని గట్టిగా అడగండి.

కార్పెట్ కన్నా ముందు చెక్క సంగతి. హోమ్ డిపోలో పచ్చగా కనిపించే ట్రీటెడ్ (కుళ్ళకుండా మందు పట్టించిన) ప్లైవుడ్ బోటుకే మంచిదని చాలామంది అనుకుంటారు. అల్యూమినియం బోటులో అది అస్సలు వద్దు. 2004 నుంచి ఇళ్ళకు అమ్మే ఈ చెక్కలో ఆర్సెనిక్ తీసేసి రాగి మందులు వాడుతున్నారు. రాగి, తడి, అల్యూమినియం ఒకచోట చేరితే రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది. మామూలు ఎక్స్‌టీరియర్ ప్లైవుడ్‌కి ఎపాక్సీ (తడి దిగకుండా గట్టిపడే పూత) పట్టించి, ముఖ్యంగా కోసిన అంచులకి, స్క్రూ రంధ్రాల లోపలికి కూడా పూసి, ఆ తర్వాతే కార్పెట్ వేశాం.

అతికించడానికి అవుట్‌డోర్ కార్పెట్ జిగురు, పళ్ళున్న తాపీ చాలు. ఎండాకాలంలో గ్యారేజీలో ఈ పని పెట్టుకోకండి, పరిచేలోపే జిగురు పైన పొర కట్టేస్తుంది. మేం అక్టోబర్ దాకా ఆగాం. ముక్కలన్నీ ముందు జిగురు లేకుండా పరిచి చూస్తుంటే మా బావమరిది, “బావా, ఈ మూత వేరే రోల్‌లోదా? రంగు తేడాగా ఉందేంటి?” అన్నాడు. అదే రోల్. అడ్డంగా తిప్పితే పోగు వాలు మారి, వెలుతురుకి వేరే రంగులా కనిపిస్తుంది. వెనకవైపు ప్రతి ముక్క మీదా మార్కర్‌తో బోటు ముందువైపుకి బాణం గుర్తు వేసుకుని అప్పుడు కోశాం. కోయడం కూడా వెనకనుంచే, కొక్కెం బ్లేడుతో.

మూతలు మాత్రం ఓపిక పరీక్షిస్తాయి. కార్పెట్ అంచు చుట్టూ తిరిగి కిందికి వస్తుంది కాబట్టి రెండువైపులా దాని మందం కలుస్తుంది. చెక్కని ఆ మేరకు చిన్నదిగా కోయకపోతే మూత బిగుసుకుపోయి తెరుచుకోదు. మూలలు కాస్త గుండ్రంగా చేసి, మడత దగ్గర ముక్కోణంగా కత్తిరించి తీసేస్తే లావుగా ఉబ్బదు. అడుగున స్టెయిన్‌లెస్ స్టీల్ స్టేపుల్స్ కొట్టాం, మామూలువి తుప్పు పట్టి లేత రంగు మీద మరకలు వేస్తాయి. ఇప్పుడు మూత వేస్తే చప్పుడే రాదు. అల్యూమినియం బోటులో ఆ నిశ్శబ్దం ఎంత విలువైందో చేపలు పట్టేవాళ్ళకి తెలుసు.

ఇక ఆ తగ్గిన మార్కు. పోగు నీళ్ళు పీల్చకపోయినా పోగుల మధ్య తడి ఉండిపోతుంది, ఆరడం ఆలస్యం. లేక్ లూయిస్‌విల్‌లో జీబ్రా మసెల్స్ ఉన్నాయి, బోట్లలో మిగిలిన నీళ్ళతో ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పాకే చిన్న ఆల్చిప్పలు. అందుకే టెక్సాస్‌లో చెరువు వదిలి వెళ్ళేటప్పుడు బోటులో నీళ్ళన్నీ వంపేయడం చట్టం. ఇంకో చెరువులో దించేముందు బోటు పూర్తిగా ఆరాలి. మేం మూతలన్నీ తెరిచి, ఫ్యాన్ పెట్టి ఆరబెడుతున్నాం, అయినా మూలల్లో చెయ్యి పెడితే మర్నాడు కూడా చల్లగా తగులుతుంది. ఒకే చెరువుకి వెళ్ళే మాలాంటి వాళ్ళకి ఇబ్బంది లేదు. ఈ శనివారం లూయిస్‌విల్, వచ్చే శనివారం రే రాబర్ట్స్ అని తిరిగేవాళ్ళయితే కార్పెట్ బదులు వినైల్ వేయించుకోండి, తుడిస్తే ఆరిపోతుంది.