పుట్టింటి మాటా, మెట్టినింటి పనా: వలస ఓటరుకు ఏది మేలు?

2024 అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున అక్క వీడియో కాల్ చేసింది. మాకు చెన్నై వెస్ట్ మాంబళంలో కాఫీ వేళ, వాళ్ళకి న్యూజెర్సీలో శనివారం రాత్రి భోజనాలయ్యాయి. పోస్టులో వచ్చిన ఓటు కాగితాన్ని వంటింటి గట్టు మీద పరిచి, మడత పడకుండా ఒక మూల గోంగూర పచ్చడి సీసా పెట్టి, ఫోను కిందికి వంచి చూపించింది. పైన అధ్యక్ష పదవికి పేర్లు, ఆ కింద సెనేటు, ప్రతినిధుల సభ, అట్టడుగున వాళ్ళ ఊరి స్కూలు బోర్డు. ఒక్కో పేరు పక్కన నింపాల్సిన చిన్న గుండ్రం.

అమ్మ చూసి, "మన బెసంట్ నగర్ వాళ్ళ మనవరాలు నిలబడిందిగా, ఆవిడకే వెయ్యవే" అంది. కమలా హారిస్ తాతగారు పి.వి. గోపాలన్ ఉన్నది బెసంట్ నగర్‌లోనే, అమ్మకి అది సొంత వీధి సంగతిలాంటిది. వెనక నుంచి బావగారు, "అత్తయ్యా, అటు పక్క మన వడ్లూరు అల్లుడున్నాడుగా" అన్నారు. ట్రంప్ జోడీగా ఉపాధ్యక్ష పదవికి నిలబడిన జేడీ వాన్స్ భార్య ఉష పూర్వీకులది పశ్చిమ గోదావరిలోని వడ్లూరు, ఆ సంగతన్నమాట. అందరం నవ్వుకున్నాం కానీ అక్క మాత్రం పెన్ను పట్టుకునే ఉంది. "చుట్టరికాలు పక్కన పెట్టండి. ఇండియా గురించి ఎవరు మంచిగా మాట్లాడితే వాళ్ళకి వెయ్యాలా, ఇక్కడ మా బతుకు గురించి ఎవరు పట్టించుకుంటే వాళ్ళకి వెయ్యాలా? అది చెప్పరా" అని నన్నడిగింది.

ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ తర్వాత చదివినవీ, ఈ ఊళ్ళో ఉండి చూసినవీ కలిపి ఇప్పుడు చెప్తాను.

వలస ఓటర్ల దగ్గరికి వచ్చే అభ్యర్థులు నాకు మూడు రకాలుగా కనిపిస్తారు. పుట్టింటి ప్రభుత్వాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళు, పుట్టింటి ప్రభుత్వాన్ని గట్టిగా తప్పుపట్టేవాళ్ళు, ఆ ఊసు తక్కువగా ఎత్తి అద్దె, వీసా, స్కూలు, ఆసుపత్రి అని తిరిగేవాళ్ళు.

మొదటి రకం చూడటానికి చాలా బాగుంటుంది. 2019 సెప్టెంబరులో హ్యూస్టన్ స్టేడియంలో సుమారు 50,000 మంది మనవాళ్ళ ముందు మోదీ, ట్రంప్ చేతులు పట్టుకుని నడిచారు. 2020 ఫిబ్రవరిలో అహ్మదాబాద్ మొతేరాలో ఇంకా పెద్ద జనం. ఆ ఊపు చూసినవాళ్ళెవరైనా అమెరికాలోని భారతీయుల ఓట్లు అటే పడతాయనుకుంటారు. అదే ఏడు బైడెన్ ప్రచారం వాళ్ళు కాశ్మీరు మీదా, పౌరసత్వ సవరణ చట్టం మీదా విమర్శలు రాసి మరీ పెట్టారు. అయినా కార్నెగీ అనే పరిశోధన సంస్థ ఆ ఎన్నికల ముందు చేసిన సర్వేలో 72 శాతం మంది బైడెన్‌కే అన్నారు, ట్రంప్‌కి 22 శాతం. ఏ విషయం చూసి ఓటేస్తారని అడిగితే ఆర్థిక పరిస్థితి, వైద్యం పైన ఉన్నాయి, భారత్‌తో సంబంధాలు ఎక్కడో కింద ఉన్నాయి.

2024కి వచ్చేసరికి అదే సర్వేలో లెక్క హారిస్‌కి 61, ట్రంప్‌కి 32గా మారింది. మోదీ స్నేహం వల్లే అని కొందరంటారు, నాకు అలా అనిపించదు, ఎందుకంటే ఎక్కువగా అటు జరిగింది 40 ఏళ్ళలోపు మగవాళ్ళు, అందులోనూ అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. వాళ్ళకి ఇండియా సెలవుల్లో వచ్చిపోయే అమ్మమ్మగారి ఊరు. ఇక 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకుల మీద 50 శాతం సుంకం పడింది, సెప్టెంబరు 19న కొత్త హెచ్‌1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చింది. స్టేడియంలో చేతులు కలిపిన స్నేహం ఆ రెంటినీ ఆపలేదు. నాయకుల మధ్య స్నేహం వేరు, మన పిల్లల కాగితాలు వేరు. హైదరాబాద్‌లో వీసాలు ఇవ్వడం మొదలు కాకముందు, గుంటూరు నుంచీ ఒంగోలు నుంచీ చుట్టాలు ముందు రోజే పినాకిని ఎక్స్‌ప్రెస్ దిగి మా ఇంటికొచ్చి, హాల్లో చాపల మీద పడుకుని, తెల్లారుజామున నాలుగింటికి లేచి, జెమిని ఫ్లైఓవర్ పక్కన అమెరికా కాన్సులేట్ దగ్గర లైన్లో నిలబడేవాళ్ళు. మా అమ్మ వాళ్ళకి పెరుగన్నం పెట్టి, నుదుటన బొట్టు పెట్టి పంపేది. అప్పుడు వాళ్ళలో ఒక్కరి నోట కూడా ఏ దేశాధినేత పేరూ వినలేదు నేను, ఫైల్లో కాగితాలన్నీ ఉన్నాయా లేదా అన్నదే టెన్షన్.

రెండో రకం సంగతి ఇంగ్లాండులో లెస్టర్ చూస్తే బాగా తెలుస్తుంది. 1972లో ఉగాండా నుంచి ఇదీ అమీన్ తరిమేసిన గుజరాతీలు ఎంతోమంది ఆ ఊళ్ళో స్థిరపడ్డారు. 2019 సెప్టెంబరులో లేబర్ పార్టీ మహాసభ కాశ్మీరుకి అంతర్జాతీయ పరిశీలకులు వెళ్ళాలని తీర్మానం చేసింది. అక్కడి హిందూ సంఘాలు మండిపడ్డాయి, పార్టీ పెద్దలు నవంబరులో ఉత్తరం రాసి మేం ఎవరి పక్షమూ కాదని సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది. డిసెంబరు ఎన్నికల్లో లెస్టర్ తూర్పు సీటు లేబర్‌కే వచ్చింది కానీ 2017లో 22 వేలు దాటిన ఆధిక్యం 6,019కి పడిపోయింది. 2024లో దేశమంతా కన్సర్వేటివ్‌లు కొట్టుకుపోతుంటే వాళ్ళు కొత్తగా గెలుచుకున్న ఒకే ఒక్క సీటు అది. అదంతా కాశ్మీరు ఖాతాలో వెయ్యకూడదు, లేబర్ పాత ఎంపీలు ఇద్దరు విడిగా నిలబడి ఓట్లు చీల్చారు.

అదే ఊళ్ళో, అదే రోజు, పక్కనున్న లెస్టర్ దక్షిణంలో ఇంకో కథ నడిచింది. అక్కడ ముస్లిం ఓటర్లు ఎక్కువ. గాజా విషయంలో లేబర్ మెతకగా ఉందని కోపం. 2019లో 22 వేల పైచిలుకుతో గెలిచిన లేబర్ నాయకుడు జొనాథన్ ఆష్‌వర్త్ 979 ఓట్లతో ఒక స్వతంత్రుడి చేతిలో ఓడిపోయాడు. ఒక చోట ఒక దేశం గురించి ఎక్కువ మాట్లాడినందుకు దెబ్బ తగిలితే, రెండు మైళ్ళ అవతల ఇంకో నేల గురించి తక్కువ మాట్లాడినందుకు తగిలింది. పుట్టింటి గురించి మాట్లాడటం లాభమా నష్టమా అని గంపగుత్తగా చెప్పలేం. పుట్టింట్లో ఏం జరుగుతోందో చూడాలి.

అమెరికాలో డియర్‌బోర్న్ అనే ఊరుంది, మిషిగన్‌లో. సగానికి పైగా జనం అరబ్బు మూలాలున్నవాళ్ళు. 2020లో బైడెన్‌కి దాదాపు 70 శాతం వేశారు. గాజా యుద్ధం మొదలయ్యాక, 2024 ఫిబ్రవరి ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఓటింగులో, ఆ రాష్ట్రంలో లక్ష మందికి పైగా డెమొక్రాట్లు ఎవరికీ కట్టుబడం అనే గడి నింపి హెచ్చరిక పంపారు. నవంబరులో ఆ ఊళ్ళో ట్రంప్‌కి 42 శాతం, హారిస్‌కి 36, గ్రీన్ పార్టీ జిల్ స్టైన్‌కి 18. లెబనాన్‌లోనో గాజాలోనో మేనమామ ఇల్లు కూలిన మనిషి దగ్గరికెళ్ళి కిరాణా ధరల గురించి మాట్లాడితే ఎలా వింటాడు? నేనైతే వాళ్ళని తప్పుపట్టను. కానీ కోపంతో వేసిన ఓటు కోరుకున్నది తెచ్చిపెడుతుందా అంటే, 2025 ఫిబ్రవరిలో ట్రంప్ గాజాని అమెరికా తీసుకుంటుందన్నాడు, అతని కోసం పనిచేసిన అరబ్బు అమెరికన్ల సంఘం తన పేరులోంచి ట్రంప్‌ని తీసేసింది.

ఇది చదివినప్పుడల్లా నాకు మన చెన్నై 2009 గుర్తొస్తుంది. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ఇక్కడి తమిళులు శ్రీలంక నుంచి వలస వచ్చినవాళ్ళు కారు, నిజమే, కానీ సముద్రం అవతల యుద్ధంలో సొంత భాష వాళ్ళు చస్తుంటే ఇక్కడ ఓటడగటం ఎలా ఉంటుందో ఆ వేసవిలో చూశాను. టీకొట్టు దగ్గర పేపరు తీస్తే అదే వార్త, బస్సులో అదే మాట. జయలలిత ప్రత్యేక ఈళం, అంటే శ్రీలంక తమిళులకి వేరే దేశం, సాధిస్తానంది. ఏప్రిల్ 27న కరుణానిధి మెరీనా ఒడ్డున నిరాహార దీక్షకి కూర్చుని, మధ్యాహ్నానికి విరమించారు. మే 13న పోలింగు. ఈ విషయంలో డీఎంకే తుడిచిపెట్టుకుపోతుందని మా హాస్టల్ అబ్బాయిలు పందేలు కాశారు. తీరా చూస్తే 39 సీట్లలో డీఎంకే కూటమికి 27 వచ్చాయి, ఏళ్ళ తరబడి ఈళం కోసం గొంతు చించుకున్న ఎండీఎంకే నాయకుడు వైకో విరుదునగర్‌లో ఓడిపోయారు. రేషన్ బియ్యం, కలర్ టీవీ, కూటమి లెక్కలు గెలిచాయి. మే 18న యుద్ధం అయిపోయిందని ప్రకటన వచ్చింది. మా పక్కింటి తమిళ మాష్టారు ఆ వారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు, రేడియో పెట్టుకుని వరండాలో కూర్చునేవారు. డీఎంకేకే ఓటేశానని తర్వాత ఆయనే చెప్పారు. మనసులో గాయం ఉన్నా ఓటు ఇంకో చోటికి వెళ్ళొచ్చని నాకు అప్పుడే తెలిసింది. డియర్‌బోర్న్‌లో గాయమే ఓటైంది, ఇక్కడ కాలేదు. అవతల ఉన్నది తోడబుట్టినవాళ్ళయితే ఒక తీరు, భాష పంచుకున్నవాళ్ళయితే ఇంకో తీరు అనుకుంటాను.

క్యాస్ట్రో పాలన వదిలి ఫ్లోరిడా వచ్చిన క్యూబా వాళ్ళది మరీ పాత గాయం. 2000 ఏప్రిల్‌లో ఎలియాన్ అనే ఆరేళ్ళ పిల్లవాణ్ణి మయామీలో చుట్టాలింటి నుంచి తుపాకులతో వచ్చి తీసుకెళ్ళి తండ్రికి అప్పగించారు, అక్కడి నుంచి క్యూబాకి. పని చేసింది క్లింటన్ ప్రభుత్వం. ఆ ఏడు అధ్యక్ష పదవికి నిలబడ్డ ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ ఆ విషయంలో క్లింటన్‌తో విభేదించినా వాళ్ళు క్షమించలేదు, నవంబరులో ఆయనకి ఫ్లోరిడా 537 ఓట్లతో పోయింది. క్యాస్ట్రో మీదా, వెనిజులాని ఏలిన మదురో మీదా ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళకి దక్షిణ ఫ్లోరిడాలో ఇప్పటికీ గిరాకీ. వెనిజులా వాళ్ళు ఎక్కువుండే డోరల్ ఊరు 2024లో ట్రంప్‌కే వేసింది. 2025లో ఏమైంది? వెనిజులా వాళ్ళకిచ్చిన తాత్కాలిక రక్షణని ప్రభుత్వం రద్దు చేసింది, మొదటి విడతలోనే సుమారు మూడున్నర లక్షల మందికి. ఓటేసింది పౌరసత్వం ఉన్నవాళ్ళు, కాగితాలు పోయింది వాళ్ళ తమ్ముళ్ళకీ వదినలకీ. మదురోని తిట్టిన నోటితోనే వాళ్ళని వెళ్ళిపొమ్మన్నారు. పుట్టింటి శత్రువుని తిట్టినంత మాత్రాన మన మనిషి అయిపోడని ఇంతకంటే ఏం కావాలి?

మూడో రకానికి ఈ మధ్య మంచి ఉదాహరణ న్యూయార్క్ మేయర్ జోహ్రాన్ మమ్దానీ. గాజా మీదా, మోదీ మీదా అతని మాటలు చాలా కటువు, మన హిందూ సంఘాలు కొన్ని గట్టిగా వ్యతిరేకించాయి. కానీ వీధుల్లో అతను పదే పదే చెప్పింది అద్దె పెంచనివ్వను, బస్సు ఉచితం, పిల్లల సంరక్షణ ఉచితం అని. హిందీలోనూ, బెంగాలీలోనూ, స్పానిష్‌లోనూ అదే చెప్పాడు. 2025 నవంబరు 4న సగానికి పైగా ఓట్లతో గెలిచాడు. అతని విదేశీ అభిప్రాయాలు అందరికీ నచ్చాయని కాదు, నచ్చనివాళ్ళకి కూడా అద్దె మాట వినపడింది. ఇక్కడ చెన్నైలో మా వీధికి ఓటడగడానికి వచ్చేవాళ్ళు మా ఇంటి ముందు నిలబడి, "అమ్మా బాగున్నారా" అని తెలుగులో రెండు ముక్కలు మాట్లాడతారు, అమ్మ సంతోషంగా మంచినీళ్ళిస్తుంది. తలుపేసుకున్నాక మాత్రం, "దొరస్వామి సబ్‌వేలో నీళ్ళు నిలవకుండా ఎవడు చేస్తాడో కనుక్కో" అంటుంది.

కాబట్టి అభ్యర్థి వైపు నుంచి చూస్తే, పుట్టింటి ప్రభుత్వాన్ని పొగడటం అన్నిటికంటే తక్కువ ఫలితం ఉన్న పని, జనం వస్తారు, ఫొటోలు దిగుతారు, ఓటు మాత్రం ఇంకేదో చూసి వేస్తారు. పుట్టింట్లో నెత్తురు కారుతున్నప్పుడు మౌనం మాత్రం చాలా ఖరీదు. ఓటరు వైపు నుంచి చూస్తే నాకు ఇంకా స్పష్టంగా ఉంది. సొంతవాళ్ళ ప్రాణాల మీదకి వచ్చినప్పుడు తప్ప, మెట్టినింటి పని చేసేవాళ్ళే మేలు. మనకి ఇండియాలో ఓటుంటే ఇండియా సంగతి ఇక్కడే తేల్చుకోవచ్చు, అక్క లాంటివాళ్ళు అక్కడి పౌరసత్వం తీసుకున్నాక ఇక్కడ ఓటు పోయింది, వాళ్ళకి మిగిలింది ఆ ఒక్క కాగితమే. దాన్ని ఎవరి స్నేహానికో, ఎవరి చుట్టరికానికో ధారపోయడం నాకు బాధగా ఉంటుంది.

అక్క మరిది 2015 నుంచి గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నాడు. ఏ దేశానికైనా ఏటా 7 శాతం మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల మనవాళ్ళ లైను కదలదు. నాలుగేళ్ళప్పుడు వెళ్ళిన వాళ్ళబ్బాయికి వచ్చే ఏడు 21 నిండుతాయి, అప్పటికి కార్డు రాకపోతే తండ్రి వీసా మీద ఉండే హక్కు పోతుంది. తెలుగు మాట్లాడగలడు కానీ చదవలేడు, చెన్నై వస్తే ఎండకి అల్లాడిపోతాడు. 2026 నవంబరులో ప్రతినిధుల సభకి మళ్ళీ ఎన్నికలున్నాయి, వాళ్ళ ఊరి గుడి హాలుకి అభ్యర్థులిద్దరూ వస్తారట. మొన్న ఫోన్లో అక్క ఏం అడగాలో కాగితం మీద రాసుకుని నాకు చదివి వినిపించింది. ముందు ఇండియా గురించి ఒక ప్రశ్న రాసి కొట్టేసింది. మిగిలింది ఒక్కటే: "21 ఏళ్ళు నిండిన మా పిల్లల్ని ఈ దేశంలోనే ఉండనిచ్చే బిల్లుకి మీరు చెయ్యెత్తుతారా, ఎత్తరా?"