చెరువు చుట్టూ 30 మీటర్లు వదిలితే సరిపోతుందా, పైనుంచి దాంట్లోకి నీళ్లు తెచ్చే వంకను కూడా కాపాడాలా? ఏది మేలు?

మా బామ్మర్ది అనంతపురం బయట ఒక వెంచర్‌లో ప్లాట్ చూసొచ్చి "బావా, చెరువుకి 30 మీటర్లు వదిలే వేసినారు, అంతా రూల్ ప్రకారమే" అన్నాడు. సరే పదా అని నేనూ పోయినా. వాడు చెప్పింది నిజమే, చెరువు పక్క ఫెన్సింగ్ కూడా వేసినారు. కానీ పైనుంచి చెరువులోకి దిగే వంక ఉంది చూడండి, పొలాల్లో రెండు ఎద్దుల బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పు ఉండేది, ప్లాట్ల దగ్గరకొచ్చేసరికి రెండడుగుల సిమెంటు పైపులోకి దూరిపోయింది. ఆ పైపు మూతి దగ్గర కూడా సగం దాకా ముళ్లకంప, ప్లాస్టిక్ కవర్లు.

ఇప్పుడు మన దగ్గర ఉన్న పద్ధతి ఇదే. బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు దాటిన చెరువుకి ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లుండే అంచు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. వంక 10 మీటర్ల వెడల్పు లోపుంటే రెండే మీటర్లు. దీంట్లో మంచేమంటే టేపు పెట్టి కొలవొచ్చు, పైన రైతుల భూముల జోలికి పోదు. చిక్కు ఎక్కడంటే ఎఫ్‌టీఎల్ అనేది మరవ, అంటే చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు ఎత్తుని బట్టి లెక్క కట్టాలి, మన చెరువులేమో నిండి మరవ పారేది ఏ పదేండ్లకో ఒకసారి, ఎండాకాలంలో నీళ్లు ఆగిన చోటే చెరువు అంచు అనుకుని రాళ్లు పాతేస్తారు.

రెండోది హైదరాబాద్ 111 జీవో లాంటిది. 1996లో అక్కడి తాగునీటి చెరువులు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కోసం 10 కిలోమీటర్ల లోపల 84 ఊర్లలో ఫ్యాక్టరీలు, పెద్ద పెద్ద కాలనీలు వద్దన్నారు. నీళ్లకైతే ఇంతకన్నా గట్టి కాపలా లేదు. కానీ ఆ ఊర్ల రైతులకి పక్కూర్లో భూమి కోట్లు పలుకుతుంటే చూస్తూ కూర్చోవడమే మిగిలింది, ఏండ్ల తరబడి గొడవపడినారు, 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. అట్లాంటిది అనంతపురంలో పెడితే ఎన్నాళ్లు నిలబడుతుందో మీరే చెప్పండి.

మూడోది అమెరికాలో నార్త్ కరోలినా పద్ధతి, నాకైతే ఇది కొంచెం నచ్చింది. 1989లో అక్కడి రాష్ట్రం చట్టం చేసి, తాగునీటి చెరువులకి నీళ్లిచ్చే ప్రాంతంలో ప్రతి ఊరూ కట్టడాల మీద రూల్స్ పెట్టుకోవాల్సిందే అంది. కట్టడం మొత్తం ఆపరు. ఒక తరగతి ప్రాంతంలో ఎకరాకి రెండిండ్లు, లేదంటే స్థలంలో 24 శాతానికి మించి సిమెంటూ కప్పూ ఉండకూడదు, వాగు పక్కన 30 అడుగులు వదలాలి. కాదు ఎక్కువ కట్టుకుంటామంటే వానలో మొదటి అంగుళం నీళ్లు పట్టి శుభ్రం చేసే కుంట తవ్వాలి, వాగుకి 100 అడుగులు వదలాలి. మొదటి అంగుళం ఎందుకంటే రోడ్ల మీద ఆయిలూ మురికీ అన్నీ కడుక్కొచ్చేది అదే. ఎకరా మొత్తం సిమెంటైతే అంగుళం వానకి సుమారు లక్ష లీటర్లు, మన 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై!

అయితే వాళ్ల బాధ నీళ్లు మురికిగా వస్తాయని, మన బాధ అసలు రావని. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర పడే జిల్లాలో, అదీ నాలుగు పెద్ద వానల్లో పడిపోయే చోట, వంక మూసుకుపోతే చుట్టూ 30 మీటర్లేంది, 300 వదిలినా చెరువు ఎండే ఉంటుంది. చెరువు ఎండితే కట్ట కింద ఊరికి నీళ్లిచ్చే బోరూ ఎండుతుంది. ఆ బోరుకి 250 మీటర్ల లోపల తాగడానికి తప్ప వేరే పనికి బోరు వేయొద్దని నీళ్లు, భూమి, చెట్లని కాపాడే 2002 వాల్టా చట్టంలో ఉంది, ప్లాట్లలో తోటలకి వేసే బోర్లని ఎవరాపుతారు?

అందుకే నా ఓటు కలగాపులగానికి: వంకల పొడుగునా మాత్రం మూడో పద్ధతి, పైపులు బంద్, మిగతా చోట మన 30 మీటర్లే. ఒక తిరకాసు ఉంది, వంక పుట్టేది ఒక పంచాయతీలో, చెరువు ఇంకో పంచాయతీలో. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది, అందులో చెరువుకి ఉండకూడని ఆరు దోషాలు చెప్పినారు, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం కూడా వాటిలో ఒకటి. కాబట్టి రూలు పంచాయతీ లెక్కన కాకుండా వంక లెక్కన ఉండాలి.

మా బామ్మర్ది ఆ పైపు ఫొటో తీసి ప్లాట్లు అమ్మే ఆయనకి పంపినాడు. "ఆ వంకలో నీళ్లు చూసి ఎన్నేండ్లయింది సార్" అన్నాడంట. మావాడు అడ్వాన్స్ అయితే ఇంకా ఇవ్వలేదు.