రెండు పార్టీలూ వద్దనుకుంటే: నోటానా, మూడో పార్టీయా?

రాష్ట్రంలోని రెండు పెద్ద పార్టీల్లో ఎవరు గెలిచినా ఒరిగేదేమీ లేదని విసిగిపోయిన ఆంధ్ర ఓటరుకు రెండు దారులున్నాయి.

సుప్రీంకోర్టు తీర్పుతో 2013లో వచ్చిన నోటా మీట ఓటింగ్ యంత్రంలో చిట్టచివర ఉంటుంది. నొక్కితే మన అసమ్మతి లెక్కకెక్కుతుంది, అంతే. శాసనసభ ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా, దాని తర్వాత నిలిచిన అభ్యర్థే గెలిచినట్టు. డిపాజిట్ల లెక్కలోనూ అది చెల్లిన ఓటు కాదు.

మూడో పార్టీ దారి ఇంకా కష్టం. 2009లో ప్రజారాజ్యానికి ఉమ్మడి రాష్ట్రంలో 16 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. 294 స్థానాల్లో దక్కినవి మాత్రం 18. ఓట్లు రాష్ట్రమంతా పలచగా పరుచుకుంటే మన ఎన్నికల పద్ధతిలో సీట్లుగా మారవు. పైగా 2011లో ఆ పార్టీ కాంగ్రెస్‌లోనే కలిసిపోయింది. కాంగ్రెస్ వద్దనుకుని దానికి ఓటేసినవాళ్లకు జరిగింది ముమ్మాటికీ అన్యాయమే.

అయినా నేను మూడో పార్టీ వైపే మొగ్గుతాను. 6 శాతం ఓట్లు, ఇద్దరు ఎమ్మెల్యేలు వస్తే చాలు, రాష్ట్ర పార్టీగా గుర్తింపు దక్కుతుంది, సొంత గుర్తు నిలుస్తుంది. సభలో నిలదీసే గొంతూ ఉంటుంది. నిలబడ్డవాళ్లందరూ నేరచరితులైతే తప్ప నోటా జోలికి పోను.