88 మెట్ల డిజిటల్ పియానో: రాక్, పాప్ వాయించేవారి దృష్టితో

హైదరాబాదులో పియానో నేర్చుకోవాలని దుకాణానికి వెళ్ళినవారికి సాధారణంగా ముందు చూపించేది 61 మెట్ల కీబోర్డు. వందలకొద్దీ ధ్వనులు, మీట నొక్కగానే మొదలయ్యే రిథమ్‌లు ఉండే ఆ వాద్యాన్ని కాదని, పదే ధ్వనులున్న 88 మెట్ల డిజిటల్ పియానోను నేను తీసుకున్నది రాక్, పాప్ పాటలు వాయించడానికి. కొన్నేళ్ళ వాడకం తరువాత నాకు తేలిందేమిటంటే, దీనికి పెట్టిన డబ్బంతా మెట్ల బరువుకే చెల్లు. మిగిలినవన్నీ ఓ మోస్తరువే.

ఆ బరువు ఎందుకంత ముఖ్యమో హార్మోనియం పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. పద్యనాటకంలో రాగం తీసే నటుడికి హార్మోనియం ఆసరాగా నిలిచింది, తిత్తి ఆడుతున్నంతసేపూ స్వరం నిలిచి ఉంటుంది గనుక. పియానోలో సుత్తి తీగను కొట్టిన మరుక్షణం నుంచే నాదం తగ్గడం మొదలవుతుంది. అందువల్ల ప్రతి స్వరానికీ ముందు ఒక దెబ్బ, వెనుక కొంత ఖాళీ ఏర్పడతాయి. దెబ్బ లయకు పనికివస్తుంది, ఖాళీ గాయకుడి గొంతుకు చోటిస్తుంది. రాక్, పాప్ పాటల్లో పియానో అంతగా ఇమిడిపోవడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. ఆ దెబ్బ బలాన్ని వేలు నిర్ణయించాలంటే మెట్టుకు ఎదురుబరువు ఉండి తీరాలి. నా వాద్యంలో ప్రతి మెట్టుకూ చిన్న సుత్తి అమరిక ఉంది. మంద్రస్థాయిలో బరువుగా, తారస్థాయికి పోయేకొద్దీ తేలికగా, అసలు పియానోలో లాగే వేలికి తగులుతుంది.

అమెరికన్ గాయకుడు, పియానిస్టు ఫాట్స్ డామినో 1956లో పాడిన బ్లూబెర్రీ హిల్ పాట తరహాలో కుడిచేత్తో మాత్రకు మూడేసి దెబ్బలుగా కార్డ్‌లు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) కొడుతూ పోతే, తేలికపాటి కీబోర్డు మీద అన్నీ ఒకేలా వినిపించి విసుగు పుడుతుంది. ఈ పియానో మీద మూడింటిలో మొదటిదాన్ని కాస్త ఒత్తి తక్కిన రెండింటినీ సడలిస్తే పాటకు ఊపు వస్తుంది. కోల్డ్‌ప్లే బృందం 2002 నాటి ఆల్బమ్‌లోని క్లాక్స్ పాటలో ఎనిమిది స్వరాల వరుస 3, 3, 2గా విరుగుతూ పైనుంచి కిందికి దిగుతుంది. ఆదితాళం వేసుకోవడం అలవాటున్న చెవికి ఈ విరుపు చప్పున పట్టుబడుతుంది గాని, ప్రతి విరుపులోనూ మొదటి స్వరం మాత్రమే పైకి తేలేలా వాయించడం వేళ్ళకు అంత త్వరగా అబ్బదు. నాకు అబ్బింది ఈ మెట్ల మీదే. రాక్ అండ్ రోల్ పియానిస్టు జెర్రీ లీ లూయిస్ లాగా మెట్ల మీదుగా గోటిని జార్చుకుంటూ పోవాలనుకునే ఉత్సాహవంతులకు మాత్రం ఈ బరువు కొంత అడ్డమే. వేలి చర్మం మండుతుంది.

లోపాల్లో మొదటిది వాద్యంతో పాటు ఇచ్చిన పెడల్, అంటే మెట్టు వదిలాక కూడా స్వరాన్ని నిలిపి ఉంచే కాలి మీట. గచ్చు నున్నగా ఉండే మన ఇళ్ళలో అది కాలి కింద నిలవదు, పైగా నొక్కడం, వదలడం తప్ప మధ్యస్థితి దానికి తెలియదు. వేరే బరువైన పెడల్ కొన్నాకే నెమ్మది పాటలు చెవికి ఇంపుగా వచ్చాయి. ఒకేసారి మోగగల స్వరాల పరిమితి 64. పెడల్ తొక్కిపట్టి నిండు కార్డ్‌లు వరుసగా వేస్తే పాత స్వరాలు ఒక్కోసారి హఠాత్తుగా తెగిపోతాయి. వేగంగా సాగే పాటల్లో ఇది వినబడదు. అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి మరో మాట: హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా మెట్ల దడదడ స్టాండు గుండా కింది అంతస్తుకు దిగుతుంది. స్టాండు కాళ్ళ కింద మందపాటి రబ్బరు చాప వేశాక మా కింది వాటావారి నుంచి ఫిర్యాదు రాలేదు.

శ్రుతి విషయంలో నిశ్చింత. సుమారు 230 తీగలుండే అసలు పియానో చెక్కపలక గాలిలోని తేమకు ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉంటుంది కనుక, మే నెల పొడి వేడి నుంచి వానాకాలానికి మారే ఈ ఊళ్ళో దానికి తరచూ శ్రుతి చేయించాలి. దీనికి ఆ బాధ లేదు.

సొంత స్పీకర్లు గదికి చాలుతాయి, బృందానికి చాలవు. గిటార్లు, డ్రమ్స్ మధ్య వాయించేటప్పుడు వాద్యం ధ్వనిని వైరు ద్వారా బయటి స్పీకర్లకు పంపి, ధ్వనుల్లో మెత్తని గ్రాండ్ పియానోను వదిలి కాంతివంతమైన రెండో పియానోను పెట్టి, మంద్రస్థాయిని బేస్ గిటారుకు విడిచిపెట్టి ఎడమచేతిని దాదాపు ఖాళీగా ఉంచితేనే నా వాద్యం వినబడుతోంది.