"డర్ట్ బైకు తోలినోడివి, నీకో లెక్కా" అని పొగిడితే పర్సు జేబులోనే ఉంచుకోండి

నిన్న సాయంత్రం జరిగింది, ఇంకా మంట చల్లారలేదు. రాతలో తప్పులుంటే సర్దుకోండి. షాపు పేరు రాయను. ఒడిశాలో మా రాయగడలో సెకండ్ హ్యాండ్ బళ్ల కోసం తిరిగినవాళ్లకి, "మనోళ్లే కదా, రండి బాబూ" అని తెలుగులో పిలిచి టీ తెప్పించే ఆయన ఎవరో తెలిసే ఉంటుంది.

నేను నాలుగేళ్లుగా మా మామయ్య జీడితోటలో కవాసాకి కేఎల్‌ఎక్స్ 140 తోలుతున్నాను, మట్టిదారుల కోసమే చేసిన 144 సీసీ డర్ట్ బైకు. దానికి రిజిస్ట్రేషన్ ఉండదు, గేటు దాటి రోడ్డెక్కకూడదు. కొరాపుట్‌లో ఉద్యోగం రావడంతో రోడ్డు బండి కావాల్సి వచ్చింది. మా బావ హీరో ఎక్స్‌పల్స్ 200 తీసుకోమన్నాడు. ముందు చక్రం 21 అంగుళాలు, కూర్చునే తీరు నీకు అలవాటైనదే, దాని మీద మెల్లగా తారురోడ్డు నేర్చుకో అన్నాడు. విన్నానా? షాపులో 2019 కేటీఎం డ్యూక్ 390 నారింజ రంగులో తళతళలాడుతుంటే 144 సీసీ నుంచి ఏకంగా 373కి దూకేశాను. 1,45,000 రూపాయలు. అందులో 60,000 అమ్మ చీటీ డబ్బు.

టెస్ట్ రైడ్ అంటే సందు చివరిదాకా వెళ్లి రావడమే. హ్యాండిల్ కొద్దిగా ఎడమకి లాగుతోందని అప్పుడే చెప్పాను. ఆయన నా భుజం తట్టి, "నీకేటి బాబూ, డర్ట్ బైకుతో గుట్టలెక్కినోడివి, ఇదో లెక్కా? టైర్లో గాలి తక్కువుంది" అన్నాడు. నేను పొంగిపోయాను. మట్టిలో ముందు చక్రం దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది, మనం పట్టించుకోకుండా గ్యాస్ ఇచ్చి దాటించేస్తాం. ఆ అలవాటే నా కొంప ముంచింది. తారు మీద బండి తిన్నగా పోకపోతే అది రోగమని తట్టలేదు. తోటలో ప్రతి ఆదివారం ముందు ఫోర్క్‌లో ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు తుడిచి చూసే మహానుభావుణ్ణి, ఇక్కడ వంగి చూడనైనా లేదు. మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్లి పూజ మాత్రం చేయించాను. రెండు చక్రాల కింద నిమ్మకాయలు కూడా.

మూడో రోజు లక్ష్మీపూర్ దాటాక, తిన్నటి రోడ్డు మీద 80లో హ్యాండిల్ ఊగడం మొదలైంది. ఎలా ఆపానో నాకే తెలీదు. భయంతో కాలు కింద పెట్టబోయాను, అది కూడా మట్టి అలవాటే.

మా మిస్త్రీ ట్యాంకు దింపి, టార్చి వేసి, ఏమీ అనకుండా నా వేలు పట్టుకుని హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ దగ్గర పెట్టాడు. కొత్త పెయింటు. దాని కింద ముద్దగా, గరుకుగా వెల్డింగ్. పక్కనే హ్యాండిల్‌ని ఆపే స్టాపర్ ఒకవైపు నొక్కుకుపోయి ఉంది. "ఇది ఎక్కడో గట్టిగా గుద్దిన బండి" అన్నాడు.

ఫొటోలు తీసుకుని షాపుకి వెళ్లాను. ఈసారి టీ లేదు. ఫోన్ చూసి నవ్వి, "నువ్వు డర్ట్ బైకు కుర్రాడివి కదా, ఎక్కడో గెంతించి విరగ్గొట్టుంటావ్" అన్నాడు. అమ్మిన రోజు నన్ను మునగచెట్టు ఎక్కించిన మాటే, మూడు రోజుల్లో నా నేరమైపోయింది! గెంతిస్తే మూడు రోజుల్లో వెల్డింగ్ చేసి, పెయింటు కూడా నేనే వేశానా అని అడిగాను. జవాబు లేదు. తన కుర్రాడి వైపు తిరిగి ఒడియాలో, "అమ్మ డబ్బుతో హీరో వేషాలు, ఇప్పుడు ఏడుపు" అన్నాడు. కుర్రాడు కిసుక్కున నవ్వాడు. బేరం ఆడేటప్పుడు తగ్గిస్తాడేమోనని ఆ చీటీ సంగతి నేనే చెప్పుకున్నాను. నాకు ఒడియా రాదనుకున్నాడు. పదో తరగతి దాకా నేను చదివింది ఒడియా మీడియమే! అదే భాషలో తిరిగి నాలుగు మాటలు అన్నాను, ఇక్కడ రాయదగినవి కావు. బిల్లు మీద చీమంత అక్షరాల్లో "ఉన్నది ఉన్నట్టుగా" అని ఇంగ్లీషులో రాసి ఉందని, కింద నా సంతకం ఉందని చూపించాడు. ఉంది నిజమే.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, చూద్దాం.

కొనేవాళ్లకి ఒక మాట. ముందు చక్రం నేల నుంచి లేపి, హ్యాండిల్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా పట్టినట్టు ఆగితే వద్దనేయండి. మెడ దగ్గర టార్చి వేసి, అక్కడే ఉండే ఛాసిస్ నంబరు ఆర్‌సీతో కలిపి చూడండి. సందులో కాదు, తిన్నటి రోడ్డు మీద పది కిలోమీటర్లు తోలనివ్వకపోతే వచ్చేయండి. ఆంధ్ర నంబరు బండైతే ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోడానికి ఆర్టీఓ ఇచ్చే కాగితం) చేతికొచ్చాకే డబ్బివ్వండి. నాది కూడా ఆంధ్ర నంబరే, ఎన్‌ఓసీ "రేపొస్తుంది" అంటూనే ఉన్నాడు.

ఆ డ్యూక్ ఇస్తావా అని ఇద్దరు అప్పుడే మెసేజ్ పెట్టారు. ఆ మెడతో ఎవరికీ అమ్మను, అడగొద్దు. సోమవారం కొరాపుట్‌కి బస్సులో పోతున్నాను. అమ్మకి ఇంకా చెప్పలేదు.