ఐసీయా, ఎన్సీయా? ఖాట్మండులో అడగకపోతే పడ్డ దెబ్బ

ఖాట్మండు వెళ్ళాలనుకునే మనవాళ్ళకు ముందుగా ఒకటే చెప్తాను. ఎవరు ఏ ధర చెప్పినా వెంటనే "ఐసీయా, ఎన్సీయా?" అని అడగండి. ఐసీ అంటే మన రూపాయి, ఎన్సీ అంటే వాళ్ళ రూపాయి. మన 100కి వాళ్ళవి 160. 1993 నుంచి ఇదే లెక్క. మేం అడగలేదు, అనుభవించాం.

మా అత్తయ్యకు కార్తీకమాసంలో పశుపతినాథుణ్ణి చూడాలని ఎప్పటినుంచో కోరిక. మావారు ఖాట్మండులో పర్యాటకులు ఎక్కువగా దిగే థమేల్ పేటలో ఒక హోటల్ వాళ్ళతో వాట్సాప్‌లో మాట్లాడి రోజుకు 2,500 చొప్పున మూడు రాత్రులకు గది తీసుకున్నారు. నేపాల్లో ఉన్న హోటల్ కదా, ఎన్సీయే అనుకున్నాం. అంటే మొత్తం మన డబ్బుల్లో 4,700 లోపే. భలే చవక అని మురిసిపోయాం కూడా.

గది నాలుగో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులని ముందే చెప్పాం. "నో ప్రాబ్లం" అన్నవాళ్ళకు ఆమె మెట్టు మెట్టుకీ ఆగుతుంటే కూడా ప్రాబ్లం కనిపించలేదు. వేడినీళ్ళు సోలార్‌వి, ఎండెక్కితే గానీ రావు. గుడికి వెళ్ళాలని తెల్లవారుజామున ఐదింటికి కుళాయి తిప్పితే వచ్చిన నీళ్ళకు చేతివేళ్ళు కొంకర్లు పోయాయి. కింద రిసెప్షన్ కుర్రాడు కెటిల్‌లో నీళ్ళు కాచి ఇచ్చాడు, పాపం. మూడు కెటిళ్ళు కలిస్తే అత్తయ్యకు అర బకెట్ అయింది. పక్కనే పబ్బు. రాత్రి పదకొండు దాటినా డ్రమ్ముల మోత. అత్తయ్య ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే మావారికి అసలు టెన్షన్.

ఇక ఖాళీ చేసే రోజు బిల్లు చేతిలో పెట్టారు. 7,500 ఐసీ, అంటే 12,000 ఎన్సీ, దానిమీద 13 శాతం వ్యాట్. మొత్తం 13,560 ఎన్సీ. "ఇండియన్ గెస్టులకు ఐసీలోనే చెప్తాం" అన్నాడు మేనేజర్, అది లోకానికంతా తెలిసిన విషయం అన్నట్టు. మెసేజ్ చూపిస్తే అందులో అంకె ఉంది గానీ ఏ రూపాయో లేదు. గంటసేపు వాదించాక 9,600 ఎన్సీ దగ్గర తెగింది. అనుకున్నదానికంటే మన డబ్బుల్లో 1,300 పైనే ఎక్కువ. డబ్బు కంటే ఆ మనిషి నవ్విన నవ్వు గుర్తుంది నాకు.

పెద్దవాళ్ళు వెంట ఉంటే థమేల్ వద్దు. షాపింగ్‌కు, కుర్రాళ్ళకు బాగానే ఉంటుంది. గుడి ఉండేది విమానాశ్రయం పక్కనే, కాబట్టి గౌశాల అనే పేట వైపో బౌద్ధనాథ్ స్తూపం దగ్గరో దిగండి. గది తీసుకునే ముందు ఏ అంతస్తు, లిఫ్ట్ ఉందా, పొద్దున వేడినీళ్ళు వస్తాయా, ధర ఐసీయా ఎన్సీయా, వ్యాట్ కలిపేనా అని రాతలో తీసుకోండి.

కాగితాల సంగతి. వీసా అక్కర్లేదు గానీ విమానంలో వెళ్ళడానికి ఆధార్ సరిపోదు. పాస్‌పోర్టో ఓటరు కార్డో ఒరిజినల్ ఉండాలి. 65 దాటినవాళ్ళకు, 15 లోపు పిల్లలకు మాత్రం ఆధార్ చెల్లుతుంది. ఢిల్లీలో మా ముందు నిలబడ్డ గుంటూరు కుటుంబంలో ఒకాయన ఆధార్ ఒక్కటే పట్టుకొచ్చి కౌంటర్ దగ్గరే ఆగిపోయాడు. వాళ్ళావిడ ముఖం చూడలేకపోయాం.

మన వంద నోట్లు ఇబ్బంది లేకుండా తీసుకుంటారు, అవే ఎక్కువ పట్టుకెళ్ళండి. 2024 నుంచి చాలా దుకాణాల్లో మన యూపీఐ కూడా పనిచేస్తోంది. అక్కడి క్యూఆర్ పేరు కూడా ఫోన్‌పేనే, కానీ అది వేరే కంపెనీ. మన యాప్‌లో ఇంటర్నేషనల్ యూపీఐ ముందే ఆన్ చేసుకోవాలి, నెట్ ఉండాలి. టాక్సీలకు రోడ్డు మీద బేరాలాడొద్దు. పఠావో, ఇన్‌డ్రైవ్ యాప్‌లున్నాయి. థమేల్ నుంచి గుడికి రోడ్డు మీద టాక్సీ 700 అడిగితే యాప్‌లో 350కే వెళ్ళాం, రెండూ ఎన్సీలే.

పశుపతినాథ్ గురించి మాత్రం ఒక్క ఫిర్యాదూ లేదు. తోలు బెల్టులు, చెప్పులు బయటే వదలాలి, లోపల ఫోటోలు తీయకూడదు. బంగారు పూత నంది ఎంత పెద్దదంటే ముందు దాని వెనక భాగమే కనిపిస్తుంది. నాలుగు వైపులా వెండి తలుపులు, ఒక్కో వాకిలి నుంచి లింగానికి ఒక్కో ముఖం. మూలవిరాట్టును తాకేది దక్షిణాది నుంచి వచ్చిన భట్టలనే పూజారులే. అత్తయ్యది హిందూపురం, కన్నడం బాగా వచ్చు. వాకిలి దగ్గర ఒక భట్టగారితో ధైర్యం చేసి కన్నడంలో ఏదో అన్నారు. ఆయన చప్పున తలెత్తి "ఎల్లింద బందిద్దీర?" (ఎక్కడినుంచి వచ్చారు?) అన్నారు. రెండే మాటలు, వెనక క్యూ తోసేసింది. కానీ హోటల్లో మూడు రోజులుగా పెదవి విప్పని మనిషి ఆ సాయంత్రం గుడి పక్కనే పారే బాగ్మతి నది ఒడ్డున హారతి అయ్యేదాకా మాట్లాడుతూనే ఉన్నారు. ఎదుటి గట్టు మీద ఆర్యఘాట్‌లో చితులు కాలుతున్నాయి, ఇటు పక్క భజన. ఆమెకు అది వింతగా అనిపించలేదు, నాకే కాస్త సర్దుకోవడానికి టైం పట్టింది.

బౌద్ధనాథ్ చుట్టూ నేల చదునే, మోకాళ్ళకు హాయి. గుట్ట మీది స్వయంభూ స్తూపానికి తూర్పున 365 మెట్లు, పెద్దవాళ్ళను వెనకవైపు దాకా కారులో తీసుకెళ్ళండి. మోమోలు తినేముందు లోపలేముందో అడగండి, "బఫ్" అంటే దున్న మాంసం. దాల్‌భాత్ ఎక్కడైనా తినండి, అన్నం పప్పు అడిగినన్నిసార్లు వడ్డిస్తారు.

చివరి రోజు ఖాట్మండు దగ్గర్లోని పాత నగరం భక్తపూర్ వెళ్ళాం. మనవాళ్ళకు టికెట్ 500 ఎన్సీ తీసుకున్నారు. 1702లో కట్టిన ఐదంతస్తుల న్యాతపోల గుడి 2015 భూకంపాన్నీ తట్టుకుని నిలబడింది. దాని ఎదుట మట్టి గిన్నెలో జూజూ ధౌ అనే పెరుగు. పైన మీగడ పసుపుపచ్చగా, గిన్నె బోర్లించినా జారనంత గట్టిగా ఉంది. మావారు డబ్బులు తీసేలోపే అత్తయ్య అడ్డం వచ్చి "ఎనభై అంటే ఐసీనా, ఎన్సీనా?" అన్నారు. ఎన్సీయే. అయితే ఇంకో రెండు గిన్నెలు ఇమ్మన్నారు.

మిగిలిన 340 ఎన్సీ ఇప్పుడు ఆవిడ పర్సులోనే ఉన్నాయి. మార్చమంటే మార్చరు, మళ్ళీ వెళ్ళినప్పుడు పెరుగుకు పనికొస్తాయంటారు.