ఆరో గొట్టం పట్టని రాకెట్ కిట్టు: ఆ పేజీకి డబ్బులు కట్టకండి

ఈ కిట్టు అమ్మినవాడి పేరు రాయను. రాస్తే లీగల్ నోటీసు పంపుతానని ఫోన్‌లోనే బెదిరించాడు. రీల్స్‌లో రాకెట్ ఎగరేసి చుట్టూ పిలకాయల చేత చప్పట్లు కొట్టించుకునే పేజీ, గొట్టాలే రెక్కలుగా ఉండే రాకెట్ కిట్టు, డబ్బులు ముందే యూపీఐలో వేయాలి. ఈపాటికి మీలో సగం మందికి ఎవడో అర్థమయ్యే ఉంటుంది. ఇది ఇంకా కొననివాళ్ల కోసం. ఒళ్లు మండిపోతోంది, ఎక్కడైనా మాట తూలితే సర్దుకుని చదవండి.

మాది కావలి. మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి. జిల్లాలు విడదీసి శ్రీహరికోటను తిరుపతి జిల్లాకు ఇచ్చేశారు గానీ, రాత్రిపూట షార్ నుంచి రాకెట్ లేస్తే మేడెక్కి చూడటం మాత్రం మావాడు మానలేదు. సెలవుల్లో మనమే ఒకటి చేద్దాం మామా అని వెంటపడ్డాడు. ఆ పేజీలో కిట్టు చూపించాడు. 1,850 రూపాయలు కట్టాను. అంతే కథ.

గొట్టాల రెక్కలదే ఎందుకంటే, దానికో కారణం ఉంది. మామూలు రాకెట్‌కి బాల్సా చెక్కతోనో అట్టతోనో మూడు నాలుగు రెక్కలు కోసి అంటించాలి. ఒక్క రెక్క కాస్త వంకరగా అంటుకున్నా రాకెట్ గిరగిరా తిరుగుతుంది, లేదంటే ఓ పక్కకు లాగేస్తుంది. పిల్లలు చేసేటప్పుడు ఎక్కడ చూసినా ఇదే గొడవ. గొట్టాల రెక్కలతో ఆ గొడవ లేదు. బాడీ గొట్టం ఎంత లావో అంతే లావున్న చిన్న గొట్టం ముక్కలు ఆరు తీసుకుని తోక చుట్టూ పెడితే సరిగ్గా ఆరూ పడతాయి, ఒకదానికొకటి ఆనుకుంటాయి, బాడీకీ ఆనుకుంటాయి. ఒకే సైజు రూపాయి బిళ్లలు ఏడు తీసుకుని ఒకదాన్ని మధ్యలో పెట్టి చుట్టూ పేర్చి చూడండి, ఆరే పడతాయి, సందు మిగలదు. కోణం కొలిచే పని లేదు, గీతలు గీసే పని లేదు, వాటంతట అవే నిటారుగా కూర్చుంటాయి. గాలి గొట్టాల లోపల నుంచీ బయట నుంచీ పోతుంది కాబట్టి రాకెట్‌ని బాగానే నిలబెడతాయి. గాలి ఒరిపిడి కాస్త ఎక్కువ, ఎత్తు కాస్త తక్కువ, అంతే. ఊళ్లో మడిలో ఎగరేసుకునేవాళ్లకు అదీ మంచిదే, పక్క ఊరి చెరువులో వెతుక్కునే పని ఉండదు.

కాబట్టి ఈ కిట్టులో ప్రాణమంతా ఒక్కటే కొలతలో ఉంది. ఏడు గొట్టాలూ ఒకే లావు ఉండాలి. ఇంకేం తప్పినా సర్దుకోవచ్చు, ఇది తప్పితే గొట్టాల రెక్కలు పెట్టుకోవడమే దండగ.

కిట్టు వచ్చింది. అట్టపెట్టె కాదు, ప్లాస్టిక్ కవరు. గొట్టాల్లో రెండు అప్పటికే నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చాయి. సరే, పెన్ను దూర్చి గుండ్రంగా చేసుకుందాంలే అనుకున్నాం. మావాడు బాడీ గొట్టం మీద అప్పటికే స్కెచ్ పెన్నుతో రోహిణి అని రాసేసుకున్నాడు. 1971లో శ్రీహరికోట నుంచి మొట్టమొదట ఎగిరిన రోహిణి రాకెట్ మందం 125 మిల్లీమీటర్లు, మాది 25, అంటే సరిగ్గా ఐదో వంతు మామా అని లెక్క కూడా చెప్పాడు. ఆ రోహిణికి గొట్టాల రెక్కలు లేవురా అన్నా వినలేదు.

జిగురు పెట్టకుండా ముందు ఉత్తినే పేర్చి రబ్బరు బ్యాండు వేసి చూశాం. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరోది దిగలేదు. ఎంత నొక్కినా బాడీకి ఆనకుండా, పక్కన ఉన్న రెండు గొట్టాల భుజాల మీద కూర్చుని ఐదారు మిల్లీమీటర్ల దూరంలోనే ఆగిపోయింది. మావాడు నావైపు చూశాడు. పక్క సందులో లేతు షాపు నుంచి మందం కొలిచే వెర్నియర్ తెచ్చి పెడితే తెలిసింది, బాడీ 25 మిల్లీమీటర్లు, రెక్కల గొట్టాలు 27. రెండే కదా అనుకోకండి. లెక్క వేసి చూస్తే ఒక్కో గొట్టానికి 60 డిగ్రీలు సరిపోవాల్సింది 62 దాటిపోతోంది, ఆరింటికీ కలిపి 375. చుట్టుకొలతలో ఉండేదే 360. ఆ పదిహేను డిగ్రీలు నేను ఎక్కడ నుంచి తేవాలి?

ఇక ఫోన్. అసలు ఈ పోస్టు రాస్తున్నది ఈ ఫోన్ గురించే, డబ్బుల గురించి కాదు.

మావాడు కూడా వినాలని స్పీకర్‌లో పెట్టాను. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. నేను మర్యాదగానే మొదలుపెట్టాను, "సార్, గొట్టాలు వేరే సైజువి వచ్చినట్టున్నాయి, ఆరోది పట్టడం లేదు, మార్చి పంపిస్తారా" అని. అమ్మినవాడు నవ్వాడు. "ఐదే పెట్టుకోండి సార్, ఎగురుతుంది" అన్నాడు.

ఎగరకూడదని ఏమీ లేదు, నిజమే. మూడు రెక్కలతోనే ఎగురుతాయి రాకెట్లు. ఐదు గొట్టాల్ని సమాన దూరంలో పెట్టి అంటిస్తే ఎగురుతుంది. కానీ అప్పుడు గొట్టాలు ఒకదాన్నొకటి ఆనుకోవు, మళ్లీ కోణాలు కొలుచుకుని గీతలు గీసుకోవాల్సిందే. ఏ గొడవ వద్దని ఈ కిట్టు కొన్నామో అదే గొడవ చేతిలో పెట్టాడు. ఆ మాటే చెప్పాను. దానికి మహానుభావుడి జవాబు: "మీకు అంటించడం రాకపోతే నేనేం చేసేది బాసూ, యూట్యూబ్ చూసుకోండి." సార్ కాస్తా అప్పుడే బాసు అయ్యాడు. ఫర్లేదు, గుడ్డల షాపులో ఉంటాను, రోజుకు వంద మంది చేత బాసూ అనిపించుకుంటాను.

తర్వాత మోటార్ సంగతి ఎత్తాను. పేజీలో ఏం రాశాడో గుర్తుందా? "సీ6-5 మోటార్ సెట్‌తో సహా" అని. తెలియనివాళ్లకు చెబుతున్నా, మోటార్ అంటే మందు కూరిన గొట్టం, రాకెట్‌ని పైకి తోసేది అదే. ఆ అక్షరం మోటార్‌కి మొత్తం ఎంత శక్తి ఉందో చెబుతుంది, ‘సీ’ అంటే 5 దాటి 10 న్యూటన్ సెకన్ల వరకు. మధ్యలో 6 అంటే సగటు తోపుడు 6 న్యూటన్లు. చివరి 5 అంటే మందు అయిపోయాక ఐదు సెకన్లు ఆగి, లోపల చిన్న పేలుడుతో పారాచూట్‌ని బయటకు తోస్తుంది. ఇంత కొలత ప్రకారం తయారయ్యే సరుకు అది. మా కవరులో వచ్చింది ఖాళీ అట్ట గొట్టం, ఓ చివర మట్టి బిరడా. మోటార్ ఏదండీ అంటే వాడన్న మాట మక్కీకి మక్కీ రాస్తున్నాను:

"సెట్ అని రాశాం కదా, మందు ఇస్తామని ఎక్కడ రాశాం? దీపావళి రాకెట్లు నాలుగు విప్పి ఆ మందు కూరుకోండి బాసూ. మీ పిల్లోడికి ఇస్తే వాడే చేసేస్తాడు."

పదమూడేళ్ల పిల్లవాడు పక్కనే కూర్చుని వింటున్నాడు. వాడి కళ్లు అటక మీదకు పోయాయి. నిరుడు వానకు తడుస్తాయని కాల్చకుండా దాచిన టపాకాయల సంచీ అక్కడే ఉందని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. నాకు ఒక్క క్షణం నోట మాట రాలేదు.

మందు రాపిడికే అంటుకోవచ్చు. పుల్లతో గొట్టంలో కూరుతుంటే చేతిలోనే పేలొచ్చు. పేలకుండా దిగిందే అనుకోండి, ఓ చోట వదులుగా ఓ చోట గట్టిగా దిగిన మందు వెలిగించగానే గొట్టాన్నే చీల్చేస్తుంది. పైగా తారాజువ్వకు దాని పొడుగాటి పుల్లే తోక, పారాచూట్‌ని తోసే ఏర్పాటేదీ దానికి ఉండదు. ఈ మాత్రం తెలియకుండా పిల్లలకు రాకెట్ కిట్లు అమ్ముతున్నాడా, లేక తెలిసే అన్నాడా? ఏది నిజమైనా ఒకటే, నాకు చెయ్యి ఎత్తాలనిపించింది. ఫోన్ కాబట్టి బతికిపోయాడు.

గట్టిగా అడిగాను, మీ ఇంట్లో పిల్లలకు ఇదే చెబుతావా అని. "రివ్యూలో ఏదైనా రాస్తే నోటీసు వస్తుంది" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. సాయంత్రానికి బ్లాక్. వెర్నియర్ ఫొటోలు పెట్టి కామెంట్ రాస్తే అదీ మాయం. కింద మిగిలినవన్నీ సూపర్ బ్రో, వావ్ బ్రోలే.

అసలు తపాలాలో, కొరియర్‌లో మందు సామాను పంపడానికి లేదు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నిబంధనలు ఉన్నాయి, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ పెసో నాగపూర్ ఆఫీసు కింద నడిచే లైసెన్సులు ఉన్నాయి. టపాకాయల కొట్టు పెట్టాలన్నా లైసెన్సు కావాలి. మరి మోటార్‌ని కవరులో పెట్టి ఇంటికి పంపిస్తానని ఎవడైనా రాశాడంటే అక్కడే అనుమానం రావాలి. నాకు వచ్చింది కూడా. పిలగాడి మొహం చూసి పక్కన పెట్టాను.

టపాకాయల సంచీ ఆ రాత్రే బకెట్ నీళ్లలో ముంచేశాను. అక్క నాకు పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయలేను.

ఇంకా కొనాలనుకునేవాళ్లు కనీసం ఇవైనా చూసుకోండి. గొట్టాల బయటి కొలత మిల్లీమీటర్లలో రాసిమ్మని అడగండి, బాడీదీ రెక్కలదీ విడివిడిగా, చెప్పకపోతే వదిలేయండి. వచ్చాక జిగురు ముట్టుకోకుండా రబ్బరు బ్యాండుతో పేర్చి చూడండి, జిగురు పడిన సరుకు వాపసు తీసుకోరట. కవరు విప్పేటప్పుడు వీడియో తీయండి. కంప్యూటర్ ఉంటే ఓపెన్‌రాకెట్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో కొలతలు వేస్తే బరువు కేంద్రం, గాలి ఒత్తిడి కేంద్రం ఎక్కడ పడతాయో చూపిస్తుంది. గాలి ఒత్తిడి కేంద్రం కంటే బరువు కేంద్రం కనీసం బాడీ గొట్టం లావంత దూరం ముక్కు వైపు ఉండాలి. గొట్టాల రెక్కలు తోకను బరువెక్కిస్తాయి కాబట్టి ముక్కులో కాస్త బంకమట్టి పెట్టక తప్పదు. వీడి కిట్టులో ఆ బంకమట్టి ఊసే లేదు. ఖాళీ మోటార్ గొట్టం వస్తే దాన్ని చెత్తలో వేయండి, పిల్లల చేతికి ఇవ్వకండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేశాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. యూపీఐ రసీదు, వెర్నియర్ ఫొటోలు పంపాను. కాల్ రికార్డు మాత్రం లేదు, స్పీకర్‌లో పెట్టే ఆలోచన వచ్చింది గానీ రికార్డు నొక్కే ఆలోచన రాలేదు.

మావాడికి ప్రస్తుతానికి నీళ్ల రాకెట్టే. ఒకే రకం కూల్‌డ్రింక్ సీసాలు ఏడు, ఒకటి బాడీకి, మిగతా ఆరింటి నుంచి కోసిన రింగులు తోకకు. ఒకే అచ్చులో వచ్చినవి కాబట్టి ఆరూ పట్టాయి. సైకిల్ పంపుకి వాల్వు కుదరలేదింకా, ఎవరైనా బిరడా దగ్గర గాలి పోకుండా కట్టిన వాళ్లుంటే ఎలా కట్టారో చెప్పండి.

అదే పేజీలో కిట్టు కొన్నవాళ్లు మాత్రం వెర్నియర్ పెట్టి బాడీ ఎంత, రెక్క ఎంత అని రెండు కొలతలూ కింద రాయండి. నా ఒక్కడిదే అయితే పొరపాటున వచ్చిందంటాడు.